గేటు కార్డుకు నకలు: అనుమతి ఇవ్వాల్సింది ఎవరు?

ప్రశ్న: అయ్యా, విశాఖపట్నం గాజువాకలో నాకు తాళంచెవుల దుకాణం ఉంది. ఏడాది క్రితం కార్డులకు నకలు తీసే చేతి పరికరం కొన్నాను. దీనికి కంప్యూటరు అవసరం లేదు. అసలు కార్డును ఆనించి మీట నొక్కితే చదువుకుంటుంది, ఖాళీ కార్డు పెడితే దానిమీద రాసేస్తుంది. అపార్ట్‌మెంట్లలో అద్దెకు ఉండేవారు ఎక్కువగా వస్తారు. ఈమధ్య కూర్మన్నపాలెంలో ఒక అపార్ట్‌మెంటులో దొంగతనం జరిగింది. గేటు తెరిచిన కార్డు నా దగ్గర చేయించినదేనట. పోలీసులు ఫోను చేసి రమ్మన్నారు. ఇత్తడి తాళంచెవికి నకలు చేస్తే లేని తప్పు కార్డుకు చేస్తే ఎందుకు వస్తుంది? నేను కంప్యూటరే వాడనప్పుడు ఐటీ చట్టం నాకు వర్తిస్తుందా? పరికరం దగ్గర ఉండటమే నేరమా?

జవాబు: ముందుగా మీ చివరి ప్రశ్న. అలాంటి పరికరం దగ్గర ఉన్నంత మాత్రాన శిక్షించే సెక్షన్ సమాచార సాంకేతిక చట్టం, 2000 (ఐటీ చట్టం)లో లేదు. కొన్న బిల్లు భద్రంగా ఉంచుకోండి. మీ ఇబ్బంది పరికరం వల్ల కాదు, దానితో చేసిన పని వల్ల.

కంప్యూటరు వాడలేదు కాబట్టి చట్టం వర్తించదన్న వాదన మాత్రం పోలీసుల ముందు గానీ కోర్టులో గానీ చేయకండి. ఆ చట్టం దృష్టిలో కంప్యూటరు అంటే తెర, కీబోర్డు ఉన్న పెట్టె మాత్రమే కాదు. విద్యుత్, అయస్కాంత లేదా కాంతి సంకేతాలతో సమాచారాన్ని వేగంగా లెక్కగట్టి, గుర్తుపెట్టుకునే సాధనం ఏదైనా అందులోకి వస్తుంది. గేటు దగ్గర కార్డును చదివి తలుపు తెరిచే వ్యవస్థ నిస్సందేహంగా కంప్యూటర్ వ్యవస్థే. మీ చేతిలోని పరికరమూ ఆ నిర్వచనం నుంచి తప్పించుకోలేదు.

అసలు చిక్కు 43వ సెక్షన్‌లో ఉంది. వ్యవస్థ యజమాని లేదా దాని బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా అందులోకి ప్రవేశించడం, సమాచారాన్ని నకలు తీయడం, మరొకరు అలా ప్రవేశించడానికి సాయపడటం, ఇవన్నీ అక్కడ ఉన్నాయి. విడిగా తీసి పట్టుకెళ్లగల సాధనంలో నిల్వ ఉన్న సమాచారాన్నీ ఆ సెక్షన్ పేర్కొంటుంది. కార్డు ఆ మాటల కిందికి వస్తుందని ప్రాసిక్యూషన్ వాదిస్తే అది బలమైన వాదనే అని నా అభిప్రాయం.

మీ దుకాణానికి కార్డు తెచ్చిన వ్యక్తి ‘నా కార్డే, చేసిపెట్టండి’ అన్నాడు, మీరు నమ్మారు. ఇందులో మీ చెడ్డతనం నాకు కనిపించడం లేదు. కానీ గేటు వ్యవస్థ బాధ్యత అపార్ట్‌మెంటు సంఘానిది. అద్దెకు ఉన్న వ్యక్తికి కార్డు వాడుకునే హక్కు ఉంది, కొత్త కార్డులు పుట్టించే హక్కు సాధారణంగా ఉండదు. అందుకే ఇత్తడి తాళంచెవితో పోలిక నిలవదు. ఆ తాళం ఒక ఇంటిది, తాళంచెవి తెచ్చినవాడే సాధారణంగా ఆ ఇంట్లో ఉంటాడు. గేటు కార్డు తెరిచేది అందరూ వాడే ద్వారాన్ని.

మరో సంగతి, మీ వృత్తిలో ఉన్నవారికి తెలిసే ఉంటుంది. 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పనిచేసే మామూలు కార్డులు చాలావాటిలో రహస్యమేమీ ఉండదు, ఒక సంఖ్య ఉంటుంది, అంతే. నకలు తీస్తే ఒకే సంఖ్యతో రెండు కార్డులు తయారవుతాయి. ఏది ఎవరిదో గేటుకు తెలియదు. ఆ రాత్రి లోపలికి వచ్చింది దొంగ అయినా, నమోదు పుస్తకంలో కనిపించేది అసలు కార్డు గల అమాయకుడి పేరే. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులు చాలావాటిలో రహస్య సంకేతాలు ఉంటాయి, కానీ వాటిలో బాగా వాడుకలో ఉన్న మైఫేర్ క్లాసిక్ అనే రకం కార్డు రక్షణను నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించారు. తయారీ సంస్థ ఎన్‌ఎక్స్‌పీ ఆ పరిశోధన ప్రచురణను ఆపాలని కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. అయినా బలహీనతను తెలుసుకోవడం, చెప్పడం వేరు, దాన్ని పరాయి తలుపు మీద వాడటం వేరు అన్న తేడా మన చట్టంలోనూ ఉంది.

43వ సెక్షన్‌ను ఉల్లంఘించినంత మాత్రాన జైలు రాదు. నష్టపోయినవారు పరిహారం అడగవచ్చు. 5 కోట్ల రూపాయల వరకు ఉన్న దావాలను రాష్ట్ర ఐటీ కార్యదర్శి హోదాలోని న్యాయనిర్ణయ అధికారి వింటారు. అదే పనిని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ వర్తిస్తుంది: మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇతరుల ప్రత్యేక గుర్తింపును మోసంతో వాడితే 66సి. తోటి ఉద్యోగి కార్డుకు నకలు తీయించి అతని హాజరు వేసేవారు కూడా దీని కిందికి రావచ్చు. అలాంటివి అడిగినవారిని వెంటనే పంపించేయండి.

మన ఊళ్లో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడ తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది. నౌకాదళ పాసులు, ఇతర అధికారిక పాసుల జోలికి అసలు వెళ్లకండి. వాటిని ఫోర్జరీ చేసినా, దిద్దినా 1923 నాటి అధికార రహస్యాల చట్టం 6వ సెక్షన్ ఉంది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, రిఫైనరీ గేటు పాసులనూ ముట్టుకోవద్దు. ‘మా బావదే అండీ, అతనే పంపాడు’ అన్నా సరే.

ఇక పోలీసుల పిలుపు. ఫోను పిలుపు మీద కంగారుపడి పరుగెత్తవద్దు, తప్పించుకోనూ వద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి. నోటీసులోని తేదీకి న్యాయవాదితో వెళ్లండి. పరికరంలో పాత కార్డుల సమాచారం మిగిలి ఉంటే, పిలుపు వచ్చిన తర్వాత దాన్ని చెరపడం మీకు మీరే తెచ్చిపెట్టుకునే కొత్త కేసు. సాక్ష్యంగా ఉపయోగపడే ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 241 కింద నేరం. పరికరాన్ని స్వాధీనం చేసుకుంటే జాబితా ప్రతి తీసుకోండి.

దొంగతనం మీ మెడకు చుట్టుకోవాలంటే ఆ కార్డు దేనికి వాడబోతున్నారో మీకు తెలుసని ప్రాసిక్యూషన్ చూపాలి. కార్డు చేయించిన వ్యక్తి ఫోను నంబరు, డబ్బు పంపిన రసీదు, దుకాణం కెమెరా దృశ్యాలు ఏవి ఉన్నా ఇప్పుడే వేరుచేసి పెట్టండి. అవే మీకు రక్ష. కేసు 66వ సెక్షన్‌తోనే ఆగితే బెయిలు హక్కుగా వస్తుంది. ఇంట్లో దొంగతనానికి సంబంధించిన న్యాయ సంహిత 305ను కూడా చేర్చితే అది నాన్‌బెయిలబుల్. అప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 482 కింద ముందస్తు బెయిలు కోసం విశాఖ సెషన్స్ కోర్టుకు వెళ్లాలి. కాబట్టి స్టేషనుకు వెళ్లే ముందే ఎఫ్‌ఐఆర్ ప్రతి సంపాదించి, ఏ సెక్షన్లు పెట్టారో మీ న్యాయవాదికి చూపించండి.

ఈ పని కొనసాగించాలనుకుంటే సంఘం కార్యదర్శి సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం లేకుండా గేటు కార్డు ముట్టుకోకండి. కార్డు పోయిందని ఎవరైనా వస్తే నకలు వద్దని చెప్పి, పాత సంఖ్యను రద్దు చేయించి కొత్త సంఖ్యతో కార్డు నమోదు చేయించుకొమ్మనండి. ఆ నమోదు పనిని సంఘాల తరఫున మీరే చేసిపెట్టవచ్చు, దానికి అడ్డుచెప్పే చట్టమేదీ లేదు.