చీనీ తోట డ్రిప్పుతోనే ఎంబీఎస్‌ఈ మొదలుపెట్టమనండి

ప్రశ్న: మాది గార్లదిన్నె మండలం. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. మా అమ్మాయి అనంతపురంలో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. మోడల్ బేస్డ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ (ఎంబీఎస్‌ఈ) నేర్చుకుంటానని పట్టుబట్టింది. బెంగళూరులో ఒక సంస్థ మూడు నెలల కోర్సుకు 85 వేలు అడుగుతోంది. అదంతా నెట్‌లో ఉచితంగానే దొరుకుతుందని అమ్మాయే అంటోంది. ఉచితంగా నేర్చుకున్నదానికి కంపెనీల్లో విలువ ఉంటుందా? అందరిలాగా జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తేనే మేలు కదా?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ 85 వేలు కట్టకండి. అమ్మాయి చెప్పింది నిజమేనండీ. ఈ విద్యకు కావలసిన భాష, ఆ భాషలో రాసే టూల్స్, చూసి నేర్చుకునే నమూనాలు అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. అలాగని ఇదొక్కటే పట్టుకుని బ్రాంచి సబ్జెక్టులు వదిలేస్తే మాత్రం నష్టపోతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అసలు ఇదేమిటో మీ తోట లెక్కతోనే చెబుతాను. నాలుగొందల చెట్లున్నాయనుకుందాం. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 8 లీటర్లు వదిలేది. అంటే చెట్టుకు గంటకు 32 లీటర్లు, తోట మొత్తానికి 12,800 లీటర్లు. మీ బోరు నిమిషానికి 120 లీటర్లు పోస్తోందనుకోండి. గంటకు 7,200 అయింది. తోటంతా ఒకేసారి పారదు కాబట్టి రెండు వాల్వులు పెట్టి సగం సగం పారిస్తారు. ఇందులో డ్రిప్పర్ లెక్క గంటకు, పంపు లెక్క నిమిషానికో సెకనుకో ఉంటుంది. ఇద్దరు మనుషులు చెరో లెక్కలో రాసుకుని, యూనిట్ చెప్పకుండా అంకె మాత్రం ఇచ్చిపుచ్చుకుంటే తేడా వచ్చేస్తుంది. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమైంది ఇలాంటి తేడాతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన విలువలను ఇంకో సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్కగా తీసుకుంది.

ఇంకొకటి చూడండి. వాల్వు మార్చేటప్పుడు రెండోది తెరిచాకే మొదటిది కడతారు. రెండూ మూసి ఉండగా మోటారు నడిస్తే ప్రెషర్ పెరిగి జాయింట్లు ఊడిపోతాయి. బోరులో నీళ్ళు తగ్గినా సరే, కరెంటు రాగానే ఆటో స్టార్టరు మోటారు వేసేస్తుంది. నీళ్ళు లేకుండా నడిస్తే ఆపేసే డ్రై రన్ రక్షణ దానికి లేకపోతే మోటారు కాలిపోతుంది. ఈ నియమాలన్నీ ఏ కాగితం మీదా లేవు, మీ తలలో ఉన్నాయి. కారు, విమానం, రైలు సిగ్నలింగ్ లాంటివి తయారుచేసే చోట ఇలాంటి నియమాలు వేలల్లో ఉంటాయి. వందల మంది ఇంజనీర్ల తలల్లో, వాళ్ళ వర్డ్ ఫైళ్ళలో, ఎక్సెల్ షీట్లలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఒక చోట మారిస్తే ఇంకో చోట పాతదే ఉండిపోతుంది. ఎంబీఎస్‌ఈలో ఇవన్నీ ఒకే మోడల్‌లోకి తెస్తారు. ఏం కావాలి, అది ఏ భాగం చేస్తుంది, ఏ క్రమంలో చేస్తుంది, సరిగ్గా చేసిందని ఎలా పరీక్షిస్తాం అనేవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. బోరు నీళ్ళు నిమిషానికి 80 లీటర్లకు పడిపోతే ఆ మార్పు ఎక్కడెక్కడ తగులుతుందో ఆ లింకులు పట్టుకుని వెతకవచ్చు.

ఈ మోడల్ రాయడానికి ఎక్కువగా వాడే భాష సిస్‌ఎంఎల్ (సిస్టమ్స్ మోడలింగ్ లాంగ్వేజ్). దీన్ని ఓఎంజీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్వహిస్తుంది. మొదటి వెర్షన్ 2007లో వచ్చింది, అందులో అంతా బొమ్మలే. రెండో వెర్షన్‌ను 2025లో ఆమోదించారు. ఇందులో బొమ్మలతో పాటు ప్రోగ్రామ్ రాసినట్టు అక్షరాల్లో కూడా రాయవచ్చు. 'పార్ట్ డెఫ్' అని మీ అమ్మాయి బోరు, మోటారు, వాల్వు రాస్తుంది. 'రిక్వైర్‌మెంట్ డెఫ్' అని, నీరు తగ్గిన పది సెకన్లలో మోటారు ఆగాలని రాస్తుంది. 'శాటిస్ఫై' అనే మాటతో ఆ నియమాన్ని ఏ భాగం తీరుస్తుందో కలుపుతుంది. కొలతలు, యూనిట్ల లైబ్రరీ భాషతో పాటే వస్తుంది కాబట్టి, ఉత్త అంకె కాకుండా యూనిట్‌తో సహా రాయడం మొదటి రోజు నుంచే అలవాటవుతుంది. ఈ ప్రమాణం పూర్తి పాఠం ఓఎంజీ దగ్గర ఉచితంగా దొరుకుతుంది. దాన్ని నడిపి చూసే ప్రయోగాత్మక టూల్ (పైలట్ ఇంప్లిమెంటేషన్) కూడా ఓపెన్ సోర్సే, అంటే దాని కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకుని చూడవచ్చు, మార్చవచ్చు. బ్రౌజర్‌లో కోడ్ రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో అది పనిచేస్తుంది.

మీ అమ్మాయికి కలిసొచ్చేది ఇక్కడే. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకు వచ్చింది పాత వెర్షన్. కొత్తది వాళ్ళూ ఇప్పుడు నేర్చుకోవలసిందే. అయితే కంపెనీల్లో పాత మోడళ్ళు ఇంకా చాలాకాలం ఉంటాయి. కాబట్టి కొత్తది రాయడం, పాతది చదవడం రెండూ రావాలి.

ఉచితమంటే నాసిరకమేమోనన్న మీ భయం సహజమే. క్యాపెల్లా సంగతి వినండి. రక్షణ, విమాన రంగాల్లో పెద్ద కంపెనీ అయిన ఫ్రాన్స్ థేల్స్, సొంత ఇంజనీర్ల కోసం తయారుచేసుకున్న టూల్ అది. 2014లో ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు. ఇప్పుడు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే ఎక్లిప్స్ ఫౌండేషన్ కింద ఉంది. విమానంలో ప్రయాణికుల సీట్ల ముందుండే వినోద వ్యవస్థ మోడల్ ఒకటి నమూనాగా దొరుకుతుంది. ముందు దాన్ని విప్పి చదవమనండి. క్యాపెల్లా భాష సిస్‌ఎంఎల్‌కు దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదు. దాని వెనక ఆర్కాడియా అనే పద్ధతి ఉంది: వాడేవాళ్ళకు ఏం కావాలన్న దగ్గర మొదలుపెట్టి, చివరికి ఏ పెట్టెలో ఏ వైరు అనేదాకా దిగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆలోచన క్రమంలో పెట్టడంలో ఇంత సాయపడే ఉచిత టూల్ ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు.

లెక్క కట్టి చూడటానికి ఓపెన్‌మోడెలికా అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. పైపులో ప్రెషర్, మోటారు కరెంటు కాలంతో పాటు ఎలా మారతాయో అందులో సిమ్యులేట్ చేయవచ్చు. ఈఈఈ అమ్మాయికి ఇది బాగా పనికొస్తుంది. చదువుల్లో ఓపెన్ సోర్స్ టూల్స్ వాడకాన్ని పెంచే ఐఐటీ బొంబాయి ఫాస్సీ ప్రాజెక్టు వాళ్ళు దీన్ని ప్రోత్సహిస్తున్నారు, స్పోకెన్ ట్యుటోరియల్ అనే వీడియో పాఠాలు కూడా ఉచితం. ఒక టూల్‌లో చేసిన సిమ్యులేషన్ మోడల్‌ను ఇంకో టూల్‌కు ఇవ్వడానికి ఎఫ్‌ఎంఐ అనే ప్రమాణం ఉంది. దాని మూడో వెర్షన్ 2022లో వచ్చింది.

పెద్ద కంపెనీల్లో క్యామియో, ర్యాప్సడీ లాంటి డబ్బు కట్టే టూల్స్ ఎక్కువ, నిజమే. కానీ సిస్‌ఎంఎల్ వచ్చినవాళ్ళకు వాటిలో మెనూలు అలవాటు కావడానికి పెద్దగా టైం పట్టదు.

ఇక ఉద్యోగం. ఎంబీఎస్‌ఈ ఇంజనీర్ అనే పేరుతో ఫ్రెషర్లను తీసుకునే కంపెనీలు తక్కువ. అడిగేది ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్ళనే. అందుకే దీన్ని బ్రాంచి చదువుకు అదనపు బలంగా చూడాలి. మోటారు కంట్రోల్, పవర్ ఎలక్ట్రానిక్స్, మైక్రోకంట్రోలర్ బాగా వచ్చి, పైన ఇదీ తెలిసిన అమ్మాయిని బెంగళూరులోని ఆటోమొబైల్, ఏరోస్పేస్ డిజైన్ కేంద్రాలు ఆసక్తిగా చూస్తాయి. పెనుకొండలో కియా ఫ్యాక్టరీ దగ్గరే ఉంది కదా అనుకోవచ్చు. ఫ్యాక్టరీలో ప్రధానంగా జరిగేది తయారీ, ఈ పని ఎక్కువగా డిజైన్ జరిగే చోట ఉంటుంది. ఇస్రో, పీఎస్‌యూల మీద ఆశ ఉంటే మాత్రం గేట్, బ్రాంచి సబ్జెక్టులే ముందు. బ్యాక్‌లాగ్ ఒక్కటి ఉన్నా ముందు అది క్లియర్ చేసి ఆ తర్వాతే ఈ జోలికి రమ్మనండి.

జావా గురించి అడిగారు. ఏదో ఒక ప్రోగ్రామింగ్ తప్పకుండా రావాలి, నన్నడిగితే తనకు పైథాన్ మేలు. మోడల్‌లోంచి సమాచారం తీయాలంటే అదే పనికొస్తుంది. గాఫర్ అనే ఓపెన్ సోర్స్ మోడలింగ్ టూల్ మొత్తం పైథాన్‌లోనే రాశారు. అందులో చిన్న లోపం ఒకటి సరిచేసి, ఆ మార్పును నిర్వాహకులు ఒప్పుకుంటే అది రెజ్యూమెలో అందరికీ కనబడే సాక్ష్యం. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాలనిపించినా ఆ దారి మూసుకుపోదు.

ఈ సెలవుల్లో క్యాపెల్లాలో మీ డ్రిప్పు మోడల్ మొదలుపెట్టమనండి. బోరు ఎంత పోస్తుంది, కరెంటు ఎప్పుడొస్తుంది, ఏ వాల్వు ఎంతసేపు అని మిమ్మల్ని కూర్చోబెట్టి అడగాలి. వాడేవాళ్ళ దగ్గర అవసరాలు రాబట్టడం ఈ వృత్తిలో సగం పని. 4-2 (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్) ప్రాజెక్టుకు అదే అంశం తీసుకుని, ఫ్లో సెన్సర్, చిన్న కంట్రోలర్ బోర్డు కొని నిజంగా నడిపి చూపిస్తే ఇంటర్వ్యూలో అరగంట దాని గురించే మాట్లాడవచ్చు. దానికి కొన్ని వేలకు మించి ఖర్చు కాదు.

సర్టిఫికెట్ కావాలనిపిస్తే సిస్టమ్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఇన్‌కోస్ వాళ్ళ ఏఎస్‌ఈపీ అనే మొదటి మెట్టు పరీక్ష ఉంది, దానికి ఉద్యోగానుభవం అక్కర్లేదు. ఆ పై మెట్టు సీఎస్‌ఈపీకి అనుభవం అడుగుతారు. ఏఎస్‌ఈపీ గురించి ఫైనల్ ఇయర్‌లో ఆలోచించవచ్చు, ఇప్పుడే ఫీజు కట్టనవసరం లేదు.