కష్టాన్ని తట్టుకోవడానికి మనోధైర్యం ఒక్కటే చాలుతుందా?

ఒకే రకం కష్టం వచ్చినా కొందరు తేరుకుంటారు, కొందరు కుంగిపోతారు. ఆ తేడా మనోధైర్యం వల్లనేనా, సమాజాల విషయంలోనూ ఇంతేనా అని మీరు అడిగారు. పదేళ్ల క్రితమైతే అవుననే చెప్పి ఉండేవాణ్ణి. మా నాన్నకు పక్షవాతం వచ్చిన తరువాత ఆ నమ్మకం పోయింది.

ఆయనకు కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. సరిగ్గా ఆ నెలలోనే నా ఉద్యోగం కూడా పోయింది. నాన్న సంగతి అందరికీ తెలుసు గానీ, ఉద్యోగం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ రెండింటిలో నన్ను లోపల్లోపల తినేసింది రెండోదే. పక్షవాతం ఎంత పెద్ద కష్టమైనా దాన్ని పదిమందీ తలో చెయ్యి వేసి మోశారు. ఉద్యోగం పోవడం దాని ముందు చిన్న విషయమే అయినా, నా ఒక్కడి గుండెలో ఉండి రోజురోజుకూ పెరిగింది. ఆసుపత్రి వరండాలో ఫోన్ మోగితే ఆఫీసు నుంచి వచ్చినట్టు నటిస్తూ పక్కకు వెళ్లి మాట్లాడేవాణ్ణి. అవతల వినిపించేది బ్యాంకు వాయిదా గడువు దాటిందని చెప్పే రికార్డు చేసిన గొంతు.

"ఏదైనా అవసరమైతే మొహమాటపడకుండా చెప్పు" అని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు, అయినా నేను ఒక్కరినీ ఏమీ అడగలేదు. ఏం అవసరమో తేల్చుకోవడం, ఎవరిని అడగాలో ఆలోచించుకోవడం, అడగడానికి సిగ్గు చంపుకోవడం, ఇవన్నీ కష్టంలో ఉన్నవాడి మీదే పడతాయి మరి. నాతో పూర్వం పనిచేసిన పెద్దాయన ఒకరు మాత్రం "రేపటి నుంచి రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా మీ నాన్నగారి దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు పడుకో" అని చెప్పి, మర్నాడు సరిగ్గా పదింటికి చంకలో దుప్పటితో వచ్చారు. మూడో రాత్రి ఆయనకు ఉద్యోగం సంగతి చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు, ఓదార్చనూ లేదు. అక్కడున్న మందుల బిల్లు వెనక్కి తిప్పి, నిలువుగా గీత గీసి, ఈ వారం కట్టి తీరవలసినవి ఒక పక్క, ఆగగలిగినవి మరో పక్క రాయమన్నారు. మొదటి పక్క మూడే తేలాయి. నాకేమీ కొత్తగా ధైర్యం రాలేదు గానీ, ఆ రాత్రి నిద్ర పట్టింది.

సమాజాల గురించి చదివినకొద్దీ నాకు ఇదే కనిపించింది. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో తీవ్రమైన వడగాడ్పుల వల్ల మామూలుగా నమోదయ్యే మరణాల కంటే 739 ఎక్కువగా నమోదయ్యాయి. ఆ మరణాలను పరిశీలించిన సామాజికశాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్, ఒకదానినొకటి ఆనుకుని ఉన్న నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అనే రెండు పేటలను పోల్చి చూశారు. పేద వృద్ధుల నిష్పత్తిలోనూ, ఒంటరిగా బతికే వృద్ధుల సంఖ్యలోనూ రెండింటికీ పెద్ద తేడా లేకపోయినా, మొదటి పేటలో మరణాల రేటు రెండోదాని కంటే దాదాపు పది రెట్లు ఉంది. సౌత్ లాన్‌డేల్ వీధులు దుకాణాలతో, జనంతో సందడిగా ఉండేవి కాబట్టి వృద్ధులు నిర్భయంగా బయటికి వచ్చేవారు. ఫ్యాక్టరీలు మూతపడి, జనం తరలిపోయి, ఖాళీ స్థలాలు మిగిలిన నార్త్ లాన్‌డేల్‌లో వాళ్లు దొంగల భయంతో తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు. వాళ్లకు గుండెదిటవు తక్కువని ఎవరైనా అనగలరా?

హఠాత్తుగా వచ్చిన ఆపద మనుషుల్ని ఒకచోటికి చేరుస్తుంది. చాలాకాలం సాగే కష్టం మెల్లగా విడదీస్తుంది. జపాన్‌లోని కోబే ప్రాంతంలో 1995 జనవరి 17న భూకంపం వచ్చినప్పుడు, శిథిలాల కింది నుంచి ప్రాణాలతో బయటపడినవారిలో ఎక్కువమందిని లాగింది ఇంటివాళ్లూ ఇరుగుపొరుగువారే. తరువాత తాత్కాలిక గృహాల కేటాయింపులో, సదుద్దేశంతోనే, వృద్ధులకు ముందు అవకాశం ఇచ్చారు. దాంతో పాత ఇరుగుపొరుగు చెల్లాచెదురై, ఆ గదుల్లో ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా కన్నుమూసినవారి వార్తలు కొన్నేళ్లపాటు వస్తూనే ఉన్నాయి. మా ఇంటి అనుభవం కూడా ఇలాంటిదే. మొదటి పదిహేను రోజులు వార్డులో చుట్టాలు పట్టేవారు కాదు. నాన్నను కూర్చోబెట్టడం, నిలబెట్టడం నేర్పిన మూడో నెలలో, నిజంగా మనుషులు కావలసిన రోజుల్లో, మేమూ ఫిజియోథెరపిస్టూ మిగిలాం.

అందుకే ఆపద గడిచాక ఏం మిగుల్చుకున్నాం అనేది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఇండోనేసియాలోని సిమెల్యూ ద్వీపంలో 1907 నాటి సునామీని చూసినవారు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి, నేల గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే ఎత్తైన చోటికి పరుగెత్తాలని కథల్లో, జోలపాటల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న ఆ ద్వీపం భూకంప కేంద్రానికి దగ్గర్లోనే ఉన్నా, సుమారు 78,000 జనాభాలో చనిపోయినవారు ఏడుగురు. ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో 1970 నవంబరు తుఫానుకు తక్కువలో తక్కువ మూడు లక్షల మంది బలయ్యారు. 1972 నుంచి అక్కడ ఇల్లిల్లూ తిరిగి హెచ్చరించే వాలంటీర్ల వ్యవస్థను నిర్మించుకుంటూ వచ్చారు. అది ఒక్కరోజులో అక్కరకు రాలేదు: 1991లో మళ్లీ సుమారు 1,38,000 మంది పోయారు. ఆ తరువాత తుఫాను ఆశ్రయాలు చాలా పెరిగాయి, 2007 నాటి సిద్ర్ తుఫానులో మరణాలు దాదాపు 3,400. అదీ చిన్న సంఖ్యేమీ కాదు గానీ, ఎంత తగ్గిందో చూడండి.

డబ్బు మాట ఎత్తకపోతే నా జవాబులో నిజాయతీ ఉండదు. ఆగగలిగిన అప్పులు కొన్నైనా ఉండబట్టే నా కాగితం మీద రెండో పక్క అంటూ ఒకటి ఏర్పడింది. అన్నీ మొదటి పక్కనే ఉన్నవాడికి ఆ గీత ఎందుకూ పనికిరాదు.

నిరుడు ఆ పెద్దాయనకు శస్త్రచికిత్స జరిగింది. ఏం కావాలని ఫోన్‌లో అడగకుండా, రాత్రి పదింటికి నేనూ దుప్పటి పట్టుకుని వెళ్లాను. వాళ్లమ్మాయి అప్పటికే వారం మొత్తానికి ఎవరెప్పుడు ఉండాలో కాగితం మీద రాసి గోడకు అంటించింది. రెండింటి నుంచి ఆరింటి దాకా గడి ఒక్కటే ఖాళీగా ఉంటే, అందులో నా పేరు రాసుకుని వచ్చాను.