అడగండి చెప్తా: మాస్కోలో మామూలు జనం ఎట్టా బతికారు?

ప్రశ్న: మేడమ్, మాది విడవలూరు పక్కన పల్లె. మా తాతయ్యకి పుచ్చలపల్లి సుందరయ్య గారంటే ప్రాణం, ఆయనది మా పక్కన అలగానిపాడే. రష్యాలో చదువూ వైద్యం ఫ్రీ, ఇంటద్దె లేనట్టే, అట్టాంటి రాజ్యం ఇంకోటి లేదంటాడు తాతయ్య. యూట్యూబ్‌లో చూస్తేనేమో ఖాళీ షాపులు, రొట్టె కోసం క్యూలు. మీరు 80లలో అక్కడే చదివారు గదా, ఏది నిజం?
- డిగ్రీ స్టూడెంట్, నెల్లూరు జిల్లా

జవాబు: రెండూ నిజమే నాయనా. తాతయ్య చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మాస్కో మెట్రో టికెట్ 5 కోపెక్కులు, 100 కోపెక్కులైతే ఒక రూబుల్, 1961లో పెట్టిన ఆ రేటు 1991 దాకా మారలేదు. జ్వరమొచ్చి లేవలేకపోతే ఏరియా పాలీక్లినిక్ డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసి పోయేది, ఒక్క పైసా అడిగేది కాదు. రోడ్డు పక్కన సోడా మిషన్లుండేవి, 1 కోపెక్ వేస్తే ఉత్త సోడా, 3 వేస్తే సిరప్ కలిపింది. గాజు గ్లాసు ఒక్కటే, బోర్లించి నొక్కితే కింద నుంచి నీళ్ళు చిమ్మి కడిగేది, ఎవరైనా అందులోనే తాగాల. ఆ గ్లాసుని ఎవరూ ఎత్తుకుపోకుండా అట్టనే పెట్టి పోవడం నాకు బో నచ్చేది.

ఇంక షాపుల సంగతి. సామాను చూసుకునేదానికి ఒక క్యూ, కౌంటరామె రేటు చెప్తే డబ్బు కట్టేదానికి ఇంకో క్యూ, అక్కడ కూర్చున్నామె పూసల చట్రం మీద టకటకా లెక్కేసి రసీదు ఇస్తే అది పట్టుకుని మళ్ళీ మొదటి కౌంటరుకి. వెన్న ఒకచోట మాంసం ఇంకోచోట అయితే అన్ని సార్లూ ఇదే తంతు. ఏ ఆడమనిషి హ్యాండ్‌బ్యాగ్ తెరిచినా మడిచిపెట్టిన వల సంచి ఒకటుండేది, ఎందుకంటే యాడ ఏం దొరుకుతుందో తెలీదు, డ్యూటీ నుంచి వస్తా దారిలో క్యూ కనబడితే ముందు నిలబడి ఆ తర్వాత ఏమిస్తున్నారని అడిగేవాళ్ళు, బూట్లయితే కాళ్ళకి పట్టకపోయినా కొనేసేవాళ్ళు, ఎవరితోనన్నా మార్చుకోవచ్చు గదాని. నేనున్న రోజుల్లో మాస్కోలో రొట్టెకి మాత్రం ఇబ్బంది లేదు, అది చవకే, దొరికేది కూడా. కరువంతా మాంసం, సాసేజీలు, మంచి బూట్లు, అరటిపళ్ళు ఇట్టాంటి వాటికి. చిన్న ఊళ్ళ వాళ్ళు సాసేజీల కోసం రైలెక్కి మాస్కో వచ్చేవాళ్ళు.

నాకు అక్కడ అర్థమయింది ఏందంటే, వాళ్ళు సరుక్కి ధర డబ్బుల్లో కాదు, టైమ్‌లో కట్టేవాళ్ళు, అది కట్టింది ఎక్కువగా ఆడవాళ్ళు. దాదాపు ప్రతి ఇంట్లో ఆడమనిషి ఉద్యోగం చేసేది, పిల్లల్ని చూసేదానికి సర్కారు క్రెష్‌లుండేవి, మన దగ్గర పనికిపోయే తల్లులకి ఈరోజుకీ అంత వసతి లేదు, దాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. అయితే సాయంత్రం డ్యూటీ దిగినాక రెండు మూడు క్యూలు, ఇంటికి పోయి వంట, బట్టలు, అన్నీ ఆమే. ఇంట్లో క్యూలో నిలబడే ముసలమ్మ ఉంటే బతికిపోయినట్టే. ఈ సంగతి మీ తాతయ్యా చెప్పడు, యూట్యూబ్ వాళ్ళూ చెప్పరు.

ఇంకోటి, షాపులో తెలిసినవాళ్ళుంటే క్యూ అక్కర్లేదు. స్టాక్ రాలేదని మనకి చెప్పి కావాల్సినవాళ్ళకి వెనకనుంచి ఇచ్చే రేషన్ డీలర్ని చూసుంటావు, దేశమంతా అట్టా నడిస్తే ఎట్టుంటదో ఊహించుకో. డబ్బున్నోడు లేనోడు అనే తేడా తగ్గింది నిజమే, దాని బదులు పరిచయాలున్నోడు లేనోడు అనే తేడా వచ్చింది.

ప్రశ్న: అక్కడ కొనేదానికి సరుకు లేదంటే జనం దగ్గర డబ్బు మిగిలి ఉండాల గదమ్మా, అదంతా ఏమయింది?
- రిటైర్డ్ టీచర్, ఒంగోలు

జవాబు: బ్యాంకులో దాచుకున్నారు మాస్టారూ, అదే పాపమైపోయింది. 1991 జనవరి 22 రాత్రి టీవీలో చెప్పారు, 50, 100 రూబుళ్ళ పాత నోట్లు చెల్లవు, మూడు రోజుల్లో మార్చుకోండని, బ్యాంకులోంచి తీసుకునేదానికి కూడా లిమిట్ పెట్టారు. ఆ ఏడాది ఆఖర్లో సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది, రష్యా వేరే దేశమయింది. 1992 జనవరి 2న రష్యాలో రేట్ల మీద కంట్రోల్ ఎత్తేశారు, కొన్ని నెలల్లోనే జీవితమంతా కూడబెట్టింది కరిగిపోయింది. మా హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే పెద్దామె తన అంత్యక్రియలకని దాచుకున్న డబ్బు కూడా అందులోనే పోయిందంట, నాతో చదివిన ఒకమ్మాయి లెటర్‌లో రాసింది, చదివి ఏడుపొచ్చింది నాకు.

ఇళ్ళు మాత్రం పోలేదు. సోవియట్ కాలంలో ఫ్లాట్ కోసం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండాల్సొచ్చేది, వచ్చినా అది సర్కారుదే. 1991లో చట్టం చేసి ఆ ఫ్లాట్లని అందులో ఉంటున్నవాళ్ళ పేరనే ఊరికే రాసిచ్చేసారు. ఆ పెద్దామెకి కూడా అట్టనే ఒక గది, వంటిల్లు మిగిలాయి, పెన్షన్ రొట్టెకీ పాలకీ సరిపోయేదంట.