మ్యూనిక్‌లో అద్దె ఇల్లు: ఇండియా నుంచే అడ్వాన్సు పంపొచ్చా?

మీరడిగింది ఇదీ: ఉద్యోగం ఖాయమై నవంబరులో విజయవాడ నుంచి మ్యూనిక్ వస్తున్నారు, భార్య, నాలుగేళ్ల పాప కూడా మీతోనే వస్తారు. నెట్‌లో ఒక ఫ్లాట్ నచ్చింది. ఓనరు లండన్‌లో ఉంటాడట, అడ్వాన్సు వేస్తే తాళాలు కొరియర్ చేస్తానంటున్నాడు. పంపొచ్చా, వచ్చాక వెతుక్కోవాలా, లేక ఏకంగా కొనుక్కుంటే మేలా అని.

పంపకండి. ఆ లండన్ ఓనరు నాకు పాత చుట్టమే. 2019లో నేను వచ్చే ముందు నాకూ మెయిల్ రాశాడు, అప్పుడాయన ఓడలో ఇంజనీరు. మా కొలీగ్‌కి రాసినప్పుడు డాక్టరయ్యాడు. ఫొటోల్లో ఇల్లు హోటల్లా మెరుస్తుంటుంది, అద్దె మాత్రం చుట్టుపక్కల ఇళ్లలో సగం ఉంటుంది, ఇల్లు చూపించడానికి మాత్రం మనిషి ఉండడు. మా కొలీగ్ 1,800 యూరోలు పంపాడు. తాళాలు రాలేదు, పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు, అంతే. ఇన్నేళ్లలో మన మొహం చూడకుండా ఇల్లిచ్చిన అసలు ఓనరు నాకైతే ఒక్కరూ తగల్లేదు. ఇక్కడ ఓనర్లు ఇల్లు చూపించడం కన్నా మనల్ని చూడటానికే పిలుస్తారు.

ఇంకో సంగతి. అద్దె ఎంత అన్నదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ అడ్రసు మీద ఆన్‌మెల్డుంగ్ ఇస్తారా? ఆన్‌మెల్డుంగ్ అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలి. అందుకు ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం ఒకటి కావాలి. దాని పేరు పలికేసరికి బస్సు వెళ్లిపోతుంది, వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్. 2015 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. నమోదయ్యాకే టాక్సు నంబరు పోస్టులో వస్తుంది. ఆ నంబరు కంపెనీకి అందకపోతే జీతంలో ఆరో తరగతి కింద, అంటే అన్నిటికన్నా ఎక్కువగా, పన్ను కోసేస్తారు. పాప కిండర్‌గార్టెన్ సీటుకీ, మీ వీసా పనులకీ ఆ నమోదు కాగితమే అడుగుతారు.

నాకిది ముందు తెలియదు. మొదట దిగిన గది ఒకాయన దగ్గర తీసుకున్నాను. ఆయనే అద్దెకుంటున్నాడు, అసలు ఓనరుకి చెప్పకుండా నాకు ఒక గది ఇచ్చాడు. మనిషి మంచివాడే, ఆదివారం కాఫీ కూడా ఇచ్చేవాడు. కాగితం అడిగితే మాత్రం "వచ్చే వారం" అనేవాడు. అలా రెండు నెలలు. మొదటి జీతం స్లిప్పు చూసుకుంటే చేతికి రావాల్సినదానికన్నా అయిదొందల యూరోలకి అటూ ఇటూ తక్కువ. నంబరు వచ్చాక ఆ డబ్బు సర్దుబాటయిందిగానీ, కొత్త దేశంలో మొదటి నెల ఆ అయిదొందలు లేకపోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఈ రోజుకీ "ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అని రాసి తక్కువ అద్దెకు గదులు పెడుతుంటారు. వాటి జోలికి వెళ్లకండి. జర్మన్ రాకపోయినా ఈ ఒక్క ముక్క బట్టీ పట్టండి: "ఇస్ట్ ఆన్‌మెల్డుంగ్ మ్యోగ్లిష్?" అంటే, ఆన్‌మెల్డుంగ్ కుదురుతుందా అని.

నేనైతే ఇలా చేస్తాను. మూడు నెలలకి సామానుతో సహా ఉండే చిన్న తాత్కాలిక ఫ్లాటు తీసుకుంటాను, ఆన్‌మెల్డుంగ్ ఇస్తామని మెయిల్లో రాసిచ్చినవాళ్ల దగ్గరే. ఖరీదెక్కువ, జీతంలో సగం దానికే పోయినా ఆశ్చర్యం లేదు. మీ కంపెనీ హెచ్ఆర్‌ని అడగండి, కొన్ని కంపెనీలు మొదటి నెలలకి వాళ్లే ఏర్పాటు చేస్తాయి. ముందు ఒక్కరే రండి. మా ఆవిడ దీని మీద నాతో వారం రోజులు మాట్లాడలేదు, మీ ఇంట్లోనూ గొడవవుతుంది. అయినా నవంబరు చలిలో పాపని ఎత్తుకుని ఇంటింటికీ తిరగడంకన్నా అదే నయం.

ఆ మూడు నెలల్లో అసలు ఇల్లు వెతకాలి. ఇమ్మోస్కౌట్, క్లైన్‌ఆన్‌ట్సైగెన్ అనే ప్రకటనల సైట్లు అందరూ చూస్తారు, మీరూ చూడండి. ప్రకటన పడిన గంటలోపే మెసేజ్ పెట్టాలి, జర్మన్‌లో పెట్టాలి. నాలుగు వాక్యాలు చాలు: ఎవరు, ఎక్కడ ఉద్యోగం, ఇంట్లో ఎంతమంది, ఎప్పటినుంచి కావాలి. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కట్టిపెట్టుకోండి: పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం, ఉంటే జీతం స్లిప్పులు, షూఫా. షూఫా అంటే మన సిబిల్ లాంటిది. కొత్తగా వచ్చినవాళ్లకి అందులో చరిత్రేమీ ఉండదు, అదేమీ తప్పు కాదు, ఆ మాట ముందే రాసేయండి. నేను డెబ్బై మెసేజ్‌లు పెట్టి ఉంటాను, తొమ్మిది చోట్ల చూడటానికి పిలిచారు. పేరు చూసి జవాబివ్వనివాళ్లూ ఉండే ఉంటారు. దాని గురించి బాధపడటం మూడో వారానికి మానేశాను, అంత ఓపిక మిగల్లేదు.

ఊరి మధ్యలోనే కావాలని పట్టు పట్టకండి. యూ-6 మెట్రో లైను చివర గార్షింగ్, ఎస్-1 లోకల్ రైలు లైను మీద ఉంటర్‌ష్లైస్‌హైమ్, ఎస్-2 మీద డాహౌ కూడా చూడండి. నాకు డాహౌలో దొరికింది, మెయిన్ స్టేషన్‌కి ఇరవై నిమిషాల పైచిలుకు. అదీ యాప్‌లో కాదు. ఇండియా వెళ్లిపోతున్న ఒక తెలుగు కుటుంబం వాళ్ల ఓనరమ్మకి నా పేరు చెప్పారు. ఇలా ఖాళీ చేసేవాళ్లు తమ తర్వాత వచ్చేవాళ్లని చూపిస్తే ఓనర్లకీ పని తగ్గుతుంది. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడే చేరిపోండి. ఉగాదికి పులిహోర ఫొటోలతో పాటు ఇళ్లు కూడా అందులోనే వస్తాయి.

ఆ ఓనరమ్మకి డెబ్బై దాటి ఉంటాయి, పై అంతస్తులో ఉండేది. గుమ్మం దగ్గర నేను అలవాటుగా బూట్లు విప్పాను. ఆవిడ నా సాక్సులకేసి ఒకసారి, నా మొహంకేసి ఒకసారి చూసి, లోపలికెళ్లి చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. ఇల్లు నాకే అని అప్పుడే అనిపించింది. హైదరాబాద్‌లో ఇల్లు వెతికినప్పుడు "మీరేంట్లు?" అని చుట్టూ తిప్పి అడిగేవాళ్లు. ఈవిడ అడిగినవి రెండే: కుక్కలున్నాయా, ఇంట్లో ఎవరైనా పియానో వాయిస్తారా. మిక్సీ సంగతి నేను చెప్పలేదు. రాత్రి పది తర్వాత, ఆదివారం పొద్దంతా చప్పుడు చేయకూడదని తెలిశాక ఇడ్లీ పిండి శనివారమే రుబ్బేస్తున్నాం.

లెక్కల్లోకి వద్దాం, అందరూ మోసపోయేది ఇక్కడే. ఇక్కడ గదుల లెక్కలో వంటిల్లు, బాత్‌రూమ్ రావు. "రెండు గదులు" అంటే మన సింగిల్ బెడ్‌రూమ్. మీకు మూడు గదులది కావాలి. అద్దె రెండు రకాలుగా రాస్తారు. కాల్ట్ అంటే ఉత్త ఇంటి అద్దె. వార్మ్ అంటే దాని మీద నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం లాంటివీ, మామూలుగా హీటింగూ కలిపినది. నాది 62 చదరపు మీటర్లు, అంటే 670 చదరపు అడుగులకి కొంచెం తక్కువ. కాల్ట్ 1,050, వార్మ్ 1,290. కరెంటు, ఇంటర్నెట్ వేరే, ఇంటికొకటి చొప్పున రేడియో టీవీ రుసుము నెలకి 18.36 యూరోలు, టీవీ లేకపోయినా సరే. వార్మ్‌లో ఆ పై మొత్తం ఉజ్జాయింపే. ఏడాది లెక్క చూసి, ఎక్కువ వాడితే బిల్లు పంపుతారు. 2022లో గ్యాసు ధరలు పెరిగిన ఏడాది నాకు 640 యూరోలొచ్చింది. ఆ లెక్క ఏడాది ముగిసిన పన్నెండు నెలల్లోపు పంపాలి, తర్వాత పంపితే మామూలుగా అదనం కట్టక్కర్లేదు.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌కి మించకూడదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకు చట్టంలోనే ఉంది. నాకు తెలియక 3,150 ఒకేసారి కట్టేశాను. బ్రోకరు ఖర్చు 2015 జూన్ నుంచి ఎవరు పెట్టుకుంటే వాళ్లదే, అంటే ఓనరు పెట్టిన బ్రోకరుకి మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఇల్లు చూపించడానికి డబ్బులడిగితే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఒప్పందంలో "ఇన్నాళ్లు ఖాళీ చేయకూడదు" అన్న షరతుందేమో చూసుకోండి, నాలుగేళ్ల దాకా పెట్టొచ్చు. అది లేకపోతే మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు, నోటీసు మాత్రం చేత్తో సంతకం పెట్టిన కాగితం మీదే, ఈమెయిల్ చెల్లదు.

వంటింటి గురించి ఎవరూ చెప్పరు. తాళం తీసి లోపలికెళ్తే వంటింట్లో ఒక నీళ్ల పైపు, గోడలోంచి పొయ్యికి ఒక కనెక్షన్, అంతే. సింకు లేదు, అరలు లేవు. సీలింగ్‌కి బల్బుల బదులు వైర్లు వేలాడుతున్నాయి. చాలామంది ఇక్కడ వంటిల్లు కూడా విప్పి తీసుకెళ్లిపోతారు. పాతవాళ్లు తమది 1,500 యూరోలకి అమ్ముతామంటే నేను పెద్ద తెలివిగా వద్దన్నాను. కొత్తది బిగించేసరికి ఆరు వారాలు, దానికి రెట్టింపు ఖర్చు. ఆ ఆరు వారాలూ హాల్లో నేల మీద ఒక ఇండక్షన్ స్టవ్, దాని మీద కుక్కర్లో పప్పూ అన్నం, గిన్నెలు స్నానాల గదిలో తోముకోవడం. పోపు వేసిన ప్రతిసారీ పొగ అలారం మోగేది, నేను తువ్వాలుతో విసురుతూ నిలబడేవాణ్ణి. ప్రకటనలో ఈబీకే అన్న మూడక్షరాలు కనిపిస్తే వంటిల్లు ఉన్నట్టు. పాతవాళ్లు అమ్ముతామంటే బేరమాడి తీసేసుకోండి.

ఇక కాలింగ్ బెల్ సంగతి. ఇక్కడ ఫ్లాట్లకి నంబర్లు సాధారణంగా ఉండవు. కింద బెల్లుల పక్కనా, పోస్టు డబ్బా మీదా ఇంటిపేర్లు రాసుంటాయి, పోస్టతను అది చూసే ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి. నా టాక్సు నంబరు ఉత్తరం అలాగే ఒకసారి తిరిగిపోయింది. పేరు అంటించాక ఇంకో చిక్కు. మూడేళ్లుగా తెలిసిన స్నేహితుడు మంచులో బిర్యానీ గిన్నె పట్టుకుని పన్నెండు కాలింగ్ బెల్లుల ముందు నిలబడి ఫోన్ చేశాడు: "మామా, ఇంతకీ నీ ఇంటిపేరేంట్రా?" మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే విజయవాడలోనే సరిచేయించుకుని రండి, ఇక్కడ ప్రతి ఫారమూ దానితోనే మొదలవుతుంది.

తాళాలు తీసుకునేరోజు గోడల మీద గీతలు, మచ్చలు, మీటరు రీడింగులు అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, ఫొటోలు తీయండి. చలికాలంలో రోజుకి రెండుసార్లు కిటికీలు బార్లా తీసి అయిదు నిమిషాలు గాలాడనివ్వండి. చలికి భయపడి మేం మూసే ఉంచేవాళ్లం, బట్టలు గదిలోనే ఆరేసేవాళ్లం. ఫిబ్రవరికి బీరువా వెనక గోడంతా నల్లగా బూజు. తర్వాతి ఇంటి ఓనరు అలాంటి మచ్చ చూపించే డిపాజిట్లో 600 పట్టుకున్నాడు. అది పాత మచ్చేనని మొదటిరోజు ఫొటో ఉంది కాబట్టి, అద్దెదారుల సంఘం వాళ్లు ఒక్క ఉత్తరం రాయగానే వెనక్కిచ్చాడు. ఆ సంఘంలో ఏడాది చందా కట్టి చేరండి. ఇల్లు పోయినా పర్లేదుగానీ తాళంచెవి పోగొట్టుకోకండి, బిల్డింగు తాళాలన్నీ మార్చే ఖర్చు మీ మీద వేస్తారు. మన వల్ల ఇంకొకరికి జరిగిన నష్టాన్ని కట్టే హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్, తాళంచెవులకీ వర్తించేది తీసుకోండి.

కొనడం? విదేశీయులు కొనకూడదని ఏమీ లేదు. బవేరియాలో కొనుగోలు పన్ను 3.5 శాతం, పైన నోటరీ, రిజిస్ట్రేషన్, ఉంటే బ్రోకరు. ఆ డబ్బు మామూలుగా బ్యాంకు లోనులో రాదు, మీ జేబులోంచే రావాలి. ప్రొబేషన్ ఆరు నెలలు దాటేదాకా ఆ ఊసెత్తకండి, బ్యాంకులూ ఎత్తనివ్వవు.

కుక్కర్ తెచ్చుకోండి, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదేనా అని కొట్లో అయస్కాంతం పెట్టి చూసి మరీ కొనండి. ఆ లండన్ ఆయన మళ్లీ మెయిల్ రాస్తే ఇక్కడ పెట్టండి, ఈసారి ఏ ఉద్యోగంలో చేరాడో చూద్దాం.