భార్యాభర్తలు కలిసి చూడదగ్గ, ఆర్భాటం లేని ప్రేమ సినిమా ఏదైనా ఉందా?

ఉంది. 1995లో వచ్చిన ‘బిఫోర్ సన్‌రైజ్’.

ప్రశ్న కింద మీరు రాసిన వివరం కూడా చదివాను. మీ ఆయనకు ఫైట్లు లేకపోతే అది సినిమానే కాదు. మీకేమో ఇద్దరు మనుషులు మనసు విప్పి మాట్లాడుకునేది కావాలి. పక్కపక్కన కూర్చుని చూస్తే ఇబ్బందిగా ఉండకూడదు. ఈ ఆఖరి షరతుకు మాత్రం నేను పూచీ పడలేను. మాకు ఇబ్బంది అయింది. అయితే మీరు భయపడుతున్న రకం ఇబ్బంది కాదు. పిల్లలు చూస్తారేమోనని గబుక్కున ఆపేయాల్సిన సన్నివేశాల గురించి కాదు నేను చెప్పేది.

కథ చిన్నదే. రైల్లో పరిచయమైన అమెరికా కుర్రాడు, ఫ్రెంచి అమ్మాయి వియన్నాలో దిగిపోతారు. తెల్లవారితే అతనికి విమానం, ఆమెకు రైలు. హోటల్‌కు డబ్బుల్లేక రాత్రంతా ఊరు తిరుగుతూ మాట్లాడుకుంటారు. ఈథన్ హాక్, జూలీ డెల్పీ నటించారు. దర్శకుడు రిచర్డ్ లింక్‌లేటర్ 1989లో ఫిలడెల్ఫియాలో ఒక బొమ్మల దుకాణంలో కలిసిన అమ్మాయితో నిజంగానే అలా రాత్రంతా తిరిగాడు, సినిమాకు బీజం అదే. మా తమ్ముడికి చూపిస్తే, “గంటా నలభై నిమిషాల్లో ఒక్క తలుపైనా గట్టిగా మూయలేదు, ఇదేం సినిమా అన్నయ్యా” అన్నాడు. వాడికింకా పెళ్ళి కాలేదు.

మన తెలుగువాళ్ళకు ఇలాంటివి ఎక్కవని చెప్పేవాళ్ళతో నాకు పాత పేచీ ఉంది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ ఎక్కలేదా? విశాఖలోని ఆ పేట మనుషులనే పెట్టి వెంకటేష్ మహా తీసిన సినిమా అది. నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళికాని అటెండరు, అదే ఆఫీసుకు అధికారిగా వచ్చిన వితంతువు. వాళ్ళిద్దరూ మెల్లగా మాట్లాడుకుంటుంటే నేను చూసిన హాల్లో ఒక్కరూ లేచి వెళ్ళలేదు. మనవాళ్ళకు మాటలంటే విసుగు లేదు. ఆ మాటల్ని వినపడనివ్వని మోత ఉందే, అసలు జబ్బు అది.

తిరుపతిలో కూడళ్ళకే సినిమా హాళ్ళ పేర్లుంటాయి. లీలామహల్ సర్కిల్, గ్రూప్ థియేటర్స్ అంటే ఆటోవాడు ఇంకేమీ అడగడు. అంత సినిమా పిచ్చి ఉన్న ఊళ్ళో మాట అర్థమయ్యేట్టు సినిమా చూడటం మాత్రం గగనమైపోయింది. చావుబతుకుల్లో ఉన్న తల్లి కొడుకు చెవిలో ఏదో చెబుతుంది. సరిగ్గా అప్పుడే వెనక ఇరవై వయొలిన్లు లేస్తాయి. ఆ తల్లి ఏం చెప్పిందో ఇంటికొచ్చాక ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి. వినికిడి లేనివాళ్ళ కోసం థియేటర్లలో తెరమీద అక్షరాలు వేసే ఏర్పాటు గురించి కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మా ఊళ్ళో నేను కొన్న టికెట్లలో అలాంటి ఆట ఒక్కటీ తగల్లేదు.

ఈ చాదస్తం ఎందుకో చెప్పేస్తాను. నాకు కుడి చెవి వినపడదు.

ఎనిమిదేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చి పోయాయి, పోతూ పోతూ చెవిని తీసుకుపోయాయి. మా వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది. చెవికి ఏ ఊళ్ళోనూ కట్టు లేదు. ఒక చెవితో బతకడం పెద్ద కష్టమేమీ కాదు. చప్పుడైతే వినపడుతుంది, ఎటునుంచి వచ్చిందో తెలియదు. ఫోను మోగితే ఇల్లంతా వెతుకుతాను, చివరికి అది నా ముందున్న బల్లమీదే ఉంటుంది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను కాబట్టి, ఎవరైనా రెండోసారి చెప్పాల్సి వస్తే నెపం యంత్రాలమీదకు తోసేయవచ్చు. ఇక మాట అందనప్పుడల్లా ఆదుకునే మహామంత్రం ఒకటుంది: “అలాగే.” తొంభై పాళ్ళు అది సరిపోతుంది.

పెళ్ళిచూపుల్లో ఈ సంగతి చెప్పలేదు. దాచాను అనను, చెప్పలేదు అంతే. ఆ రెండింటికీ తేడా ఉందని పదమూడేళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. భార్య స్థానం ఎడమవైపని శాస్త్రమే చెప్పింది కాబట్టి ఎక్కడికి వెళ్ళినా ఎడమవైపు చోటు చూపించేవాణ్ణి. పెద్దవాళ్ళు నన్ను సంప్రదాయం తెలిసినవాడనుకున్నారు. ఇరాన్, కొరియా, ఫ్రాన్స్ సినిమాలు తప్ప చూడనని స్నేహితులు నన్ను గొప్ప రసికుణ్ణి చేశారు. కింద అక్షరాలు వస్తాయి, చదువుకోవచ్చు. నా ఉత్తమాభిరుచి రహస్యం అంతకంటే ఏమీ లేదు.

సరే, సినిమా. రెండేళ్ళ కిందట, నవంబరు వానలు పట్టుకున్న రాత్రి. కరెంటు పోయింది. పాప నిద్రపోయింది. ల్యాప్‌టాప్‌లో చార్జి మిగిలి ఉంది. నేను ఎప్పుడో దాచుకున్న ఈ సినిమా పెట్టాను. పాప లేస్తుందని ఇయర్‌ఫోన్లు తగిలించాం, ఉన్నది ఒక్క జతే. మా ఆవిడ ఆ రెండు ముక్కల్నీ తెరముందు వెలుగులోకి పట్టుకుని, వాటిమీద చీమంత అక్షరాలు చూసి, ‘ఎల్’ అని ఉన్నది నాకిచ్చి, నా ఎడమపక్కకు వచ్చి కూర్చుంది. యాదృచ్ఛికం అనుకున్నాను. మగవాడి బుద్ధి ఎంత దూరం పోతుందో చూడండి.

సినిమాలో ఒక పాటల దుకాణం ఉంటుంది. రికార్డు విని చూసుకోవడానికి చిన్న గది, ఇద్దరు మనుషులు నిలబడితే నిండిపోతుంది. పాట మొదలవుతుంది. ఒక్క మాట లేదు. అతను ఆమె వైపు చూస్తాడు, ఆమె తిరిగేలోగా చూపు తప్పిస్తాడు. ఆమె చూస్తుంది, అతను తిరిగేలోగా పైకి చూస్తుంది. ముద్దు పెట్టుకోవడానికి కాదు, చూస్తూ దొరికిపోవడానికి భయం. మా ఆవిడ తెర చూస్తోందా అని ఇటు తిరిగాను. ఆమె నన్నే చూస్తోంది. ఇద్దరం తెరవైపు తిరిగిపోయాం. పదమూడేళ్ళ కాపురం తర్వాత! నేను చెప్పిన ఇబ్బంది ఇదే.

తర్వాత కాఫీ హోటల్లో ఒక ఆట వస్తుంది. ఆ అమ్మాయి చేతినే ఫోను చేసుకుని పారిస్‌లో ఉన్న స్నేహితురాలికి కాల్ చేసినట్టు నటిస్తుంది, ఆ స్నేహితురాలిగా కుర్రాడు జవాబిస్తాడు. రైల్లో ఒకతను కలిశాడు అని అతని గురించి అతనికే చెబుతుంది. మా ఆవిడ అక్కడ సినిమా ఆపమంది. “ఎంత తెలివైన పిల్ల! ఎదురుగా ఉన్న మనిషికి చెప్పకుండానే చెప్పేసింది” అంది.

నేనైతే ఇది మా ఊరివాళ్ళకు ఎప్పుడో తెలిసిన విద్య అంటాను. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి వెళ్తారు. అమ్మవారినే బూతులు తిడతారు. మిగతా ఏడాదంతా భార్యతో “కాఫీ” అనే మాట తప్ప మాట్లాడని మనిషి వేషం వేసుకున్న రోజు నోరు విప్పుతాడు. వేషం లేకుండా నోరు విప్పడం మనవల్ల అయ్యే పని కాదు. దీనిమీద ఎవరైనా పరిశోధన చేశారో లేదో నాకనవసరం, నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

జనవరిలో పాప పేరుమీద మొక్కు ఉంటే తెల్లవారుజామున అలిపిరి నుంచి నడక మొదలుపెట్టాం. పాపను వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంచి ఇద్దరమే వెళ్ళాం. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎవరికీ మాటలుండవు, ఊపిరికే చాలదు. ముందు ఒకావిడ వంగి ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ వెళ్తోంది. ఆవిడ పసుపు అంటకుండా పక్కనుంచి ఎక్కడం ఒక సర్కస్. గాలిగోపురం దాటాక దారి చదునుగా ఉంటుంది, అక్కడ మనుషులు మళ్ళీ మనుషులవుతారు. ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు కొనుక్కున్నాం. దారి ఎటు తిరిగినా, జనం ఎటు తోసినా, మా ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి నా ఎడమవైపే నడుస్తోంది. అది కూడా నాకు ఆ రోజే కనపడింది.

ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర కాసేపు కూర్చుని లేచాం. నాలుగడుగులు వేశాక ఆమె బొటనవేలు చెవికీ, చిటికెనవేలు నోటికీ పెట్టుకుంది.

“హలో, అక్కా! ఆఁ, కొండెక్కుతున్నాం. ఆయన పక్కనే ఉన్నారు. నేను ఎడమవైపే ఉన్నానులే, లేకపోతే ఆయనకు వినపడదు కదా.”

నా చేతిలో మామిడిముక్క అలాగే ఉండిపోయింది.

“పెళ్ళయిన రెండో ఏడే తెలిసిందక్కా. మీ అమ్మాయి ఓణీల వేడుకలో కుడిపక్కన కూర్చుని, మా అత్తగారికి జ్వరం తగ్గిందా అని అడిగితే ‘అలాగే’ అన్నారు. అనుమానం వచ్చి, మీరంటే నాకు అసహ్యం అన్నాను. దానికీ ‘అలాగే’ అన్నారు, నవ్వుతూ. ఎందుకు నిలదీయలేదంటావా? ఆయనే చెబుతారని చూశాను. ఒక ఏడాది కోపంగా చూశాను. తర్వాత ఎడమవైపు నడవడం అలవాటైపోయింది.”

వెనకనుంచి గుంపు ఒకటి గోవింద కొడుతూ వచ్చింది. వాళ్ళు దాటిపోయేదాకా ఆమె ఫోను దించలేదు, అక్క అవతల లైనులో ఉన్నట్టే ఆగింది.

“ఇంకొకటి చెబుతాను, నవ్వకు. రాత్రిపూట ఈయన గోడవైపు తిరిగి, ఎడమ చెవి దిండుకు ఆనించి పడుకుంటారు. నాకు చెప్పుకోవాలనిపించినవన్నీ అప్పుడు ఆ కుడి చెవిలో చెబుతాను, సన్నగా. ఈయనమీద కోపం, అమ్మ పోయినప్పటి సంగతులు, పాప పుట్టేముందు పడిన భయం, అన్నీ. పదకొండేళ్ళుగా చెబుతున్నాను. సరే ఉంటాను, మోకాళ్ళ మెట్టు వస్తోంది.”

ఏం అనాలో తోచలేదు. నేను కూడా వేళ్ళు అలాగే పెట్టుకున్నాను. కంగారులో కుడి చెవికి పెట్టుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, ఆ చేతిని కిందికి దించి, రెండో చేతిని ఎడమ చెవి దగ్గరకు చేర్చింది. వేళ్ళకు మామిడికాయ కారం. నేను ఎవరికి ఫోను చేశానో, ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. మోకాళ్ళ మెట్టు ఎక్కేసరికి గంటకు పైగా పట్టింది, అది మాత్రం నా మోకాళ్ళ తప్పు కాదు.

కాబట్టి చూడండి. ఒకే జత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి, పెద్ద టీవీలో వద్దు. నచ్చితే దీనికి కొనసాగింపులు రెండున్నాయి, అదే జంట, తొమ్మిదేసి ఏళ్ళ ఎడంతో. 2004 నాటిది పారిస్‌లో, 2013 నాటిది గ్రీసులో. మూడోదాంట్లో హోటల్ గదిలో ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకుంటారు. మీ ఆయనకు ఫైట్లు తప్పదంటే ఆ గదిదాకా ఓపిక పట్టమనండి.

ఇక నా సంగతి. కొండ దిగి వచ్చిన రోజునుంచి నేను ఇటు తిరిగి, కుడి చెవి దిండుకు ఆనించి, ఎడమ చెవి పైకి పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాను. రాత్రి ఏం చెప్పేదానివని రెండుసార్లు అడిగాను. “చెప్పేశాను కదా” అంది. మూడు నెలలు అలాగే పడుకున్నాను, ఒక్క మాటా లేదు. నాలుగో నెలలో ఒక రాత్రి భుజం తట్టింది.

“అటు తిరిగి పడుకోండి. కాస్త మాట్లాడాలి.”

తిరిగాను.