సూదా, కత్తా? మొహం గురించి మీరడిగినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మొహం గురించే, ముడతలు, జారిన బుగ్గలు, క్లినిక్ వాళ్లు చెప్పిన ప్యాకేజీలు. మూడింటికి జవాబు రాస్తున్నా, మొదటిది కాస్త పొడుగైంది, ఎందుకంటే అదే ప్రశ్న నా ఓపీలో వారానికి నలుగురైనా అడుగుతారు.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే అండి. నాకు 53 ఏళ్లు, మాది విజయవాడ పటమట. షుగర్ వచ్చిందని వాకింగ్, డైట్ చేసి ఏడాదిన్నరలో 14 కిలోలు తగ్గాను. ఒళ్లు తేలికైంది కానీ మొహం జారిపోయింది, దవడ పక్కన చర్మం వేలాడుతోంది, గెడ్డం కింద కూడా. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి, ఇంకా నాలుగు నెలలుంది. ఇక్కడే ఒక క్లినిక్‌కి వెళ్తే హైఫూ అనే వేడి మెషిన్, చర్మం కింద వేసి పైకి లాగే దారాలు, గుంటలు నింపే ఫిల్లర్ సూది అన్నీ కలిపి 1,20,000 అన్నారు, ఈ వారంలో కడితే డిస్కౌంట్ అంట. మా ఆడపడుచు మాత్రం అవన్నీ దండగ వదినా, ఒకేసారి ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్ చేయించేసుకో అంటోంది. మా వారు రెండూ వద్దంటున్నారు. ఏది మంచిదండి?

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. చేతి అద్దం తీసుకుని మంచం మీద వెల్లకిలా పడుకుని మొహం చూసుకోండి, తర్వాత లేచి కూర్చుని తల కాస్త ముందుకి వంచి అదే అద్దంలో చూసుకోండి. పడుకున్నప్పుడు మొహం పదేళ్ల కిందట ఉన్నట్టు ఉండి, వంగగానే దవడ దగ్గర సంచి దిగిందంటే మీ బాధ ముడతలు కాదు, చర్మమూ దాని కింద పొరా వదులైపోవడం. అట్లాంటిదాన్ని సూదితో ఎత్తడం కష్టం.

ఎవరికైనా ఏ ట్రీట్‌మెంట్ గొప్పది అని కాదు, మొహంలో ఏం మారింది అని అడుక్కోవాలి. నవ్వినప్పుడు, కోపమొచ్చినప్పుడు పడే గీతలకి బోటాక్స్, అంటే కండని కొన్నాళ్లు కదలకుండా ఆపే సూది. బుగ్గ లోపలికి పోయి కంటి కింద గుంట పడితే ఫిల్లర్. రంగు, మచ్చలు, సన్న గీతలు అంటే క్రీములు, చర్మం పైపొర ఒలిచే పీల్, లేజర్. వదులు కొద్దిగా ఉంటే హైఫూ లాంటి వేడి మెషిన్లు, అది కూడా రెండు మూడు నెలలు ఆగితేగానీ తెలీదు, తెలిసినా కొంచెమే. వదులు ఎక్కువుంటే ఆపరేషనే. 14 కిలోలు తగ్గిన మనిషికి చర్మం మిగిలిపోయుంటుంది, మిగిలిన బట్టని ఇస్త్రీ చేస్తే పొట్టిదవుతుందా చెప్పండి. పైగా బక్కచిక్కిన మొహం మీద లోతుగా వేడి పెడితే బుగ్గల్లో ఉన్న కాస్త కొవ్వు కూడా తగ్గి ఇంకా పీక్కుపోయినట్టు కనపడే ప్రమాదం ఉంది. దారాలంటారా, వాటిల్లో ఎక్కువగా వాడేవి ఆరేడు నెలల్లో కరిగిపోతాయి, మీ దవడ బరువుకి అవి ఆగవు. వదులుని కప్పడానికి ఫిల్లర్ మీద ఫిల్లర్ వేస్తే మొహం ఉబ్బినట్టవుతుంది.

అట్లాగని ఆడపడుచు గారి మాట విని రేపే ఆపరేషన్ టేబుల్ ఎక్కమనడం లేదు. ఫేస్‌లిఫ్ట్ అంటే ఏంటో తెలుసుకోండి. కణత దగ్గర జుట్టులో మొదలై చెవి ముందు నుంచి కిందికి దిగి, తమ్మె చుట్టూ తిరిగి చెవి వెనక్కి వెళ్తుంది కోత. పూర్వం చర్మం ఒక్కటే లాగి కుట్టేవాళ్లు, అందుకే మొహం బిగదీసినట్టుండేది, తొందరగా వదులయ్యేది కూడా. చర్మం కింద పల్చటి పొర ఒకటుందని 1976లో పారిస్ సర్జన్లు ఇద్దరు వివరించాక ఆ పొరని బిగించడం మొదలైంది, అందుకే ఇప్పుడు చాలామందికి ఏడు నుంచి పదేళ్ల దాకా ఫలితం నిలుస్తుంది. కానీ రెండు మూడు వారాలు వాపు, నల్లగా కమిలిన మచ్చలు, చెవుల దగ్గర నెలల తరబడి మొద్దుబారినట్టుండటం ఉంటాయి, కోత గీత ఎరుపు తగ్గడానికి కూడా నెలలు పడుతుంది. ఎక్కువగా వచ్చే ఇబ్బంది మొదటి రోజు చర్మం కింద రక్తం గూడు కట్టడం, బీపీ కంట్రోల్‌లో లేనివాళ్లకి ఆ భయం ఎక్కువ. మొహం కదిలించే నరానికి దెబ్బ తగలడం అరుదు, కానీ ఉంది.

మీకు షుగర్ ఉంది కాబట్టి మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించుకుని అది అదుపులో ఉందని మీ డాక్టర్ చెప్పాకే కత్తి మాట. ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే గుండె డాక్టర్ని అడక్కుండా సొంతంగా ఆపొద్దు. బరువు కూడా ఆరు నెలలు ఒకేచోట నిలబడాలి, ఇంకా తగ్గుతూ ఉంటే బిగించింది మళ్లీ వదులవుతుంది.

ఇవన్నీ నాలుగు నెలల్లో కుదర్చడమంటే, ఒక పక్క శుభలేఖలు పంచుతూ ఇంకో పక్క చెవి వెనక కుట్లు చూసుకోవడం, నా మనసుకి నచ్చట్లేదమ్మా. పెళ్లి కానివ్వండి. ఇప్పటికి రోజూ ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రాత్రికి స్కిన్ డాక్టర్ రాసిచ్చిన క్రీము, కావాలంటే కనుబొమ్మల మధ్య కొంచెం బోటాక్స్ పెళ్లికి నెల ముందు. ఆ లక్షా ఇరవై వేలు పక్కన పెట్టుకోండి, వేసవి దాటాక కూడా దవడే బాధపెడుతుంటే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఆర్ఎన్‌బీ గానీ, అంటే ఆ పైచదువు డిగ్రీ చేసిన సర్జన్ని కలవండి. అందం కోసం చేసే ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ రాదు, పైగా 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది కలిపి ఎంతో ముందే అడగండి. ఈ వారమే కడితే డిస్కౌంట్ అనేది చీరల షాపులో సరే, మొహానికి అలాంటి గడువు పెట్టేచోట నేనైతే కూర్చోను.

ప్రశ్న: మేడం, నాకు 44, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. రోజంతా ఎండలో తిరుగుడు. కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు పడి ఎవరు చూసినా ఏందన్నా కోపంగా ఉన్నావ్ అంటున్నారు. బోటాక్స్ విషం అంటగా, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయించాలా? మా ఇంటి దగ్గర పార్లర్‌లో తక్కువకి చేస్తామన్నారు.

జవాబు: మీకు సూది సరిపోద్దండి, కత్తితో పన్లేదు. అది బాక్టీరియా తయారుచేసే విషమే, కానీ చాలా తక్కువ మోతాదులో కండకి నరం ఇచ్చే సంకేతాన్ని కొన్నాళ్లు ఆపుతుంది. ఆ గీతలకే అమెరికాలో 2002లో అనుమతిచ్చారు. నాలుగైదు రోజుల్లో మొదలై రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలుంటుంది. మానేస్తే మళ్లీ మామూలే, ముందుకన్నా ఎక్కువేం అవ్వదు. ఒక్కోసారి రెప్ప కాస్త వాలుతుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా యార్డులో తిరిగితే మాత్రం మిగతా మొహం పాడవుతూనే ఉంటుంది.

పార్లర్ మాట మాత్రం మర్చిపోండి. ఆ మధ్య తెనాలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది, పార్లర్‌లో ముక్కు పక్క మడతకి ఫిల్లర్ వేశారట. వేసిన వెంటనే పై పెదవి పక్కన తెల్లగా పాలిపోయిందట, ఐసు పెట్టుకోమని ఇంటికి పంపారు. నా దగ్గరికి వచ్చేసరికి అక్కడ వల అల్లినట్టు నీలం గీతలు, ముట్టుకుంటే నొప్పి. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్లి దారి మూసేసింది. కరిగించే ఇంజెక్షన్ వేస్తూ గంట గంటకీ రంగు చూస్తూ కూర్చున్నాం, రాత్రికి తిరిగి ఎర్రబడింది, అదృష్టం. ఇంకాస్త ఆలస్యమైతే చర్మం చచ్చిపోయేది, కంటి వైపు నాళంలోకి వెళ్తే చూపే పోతుంది. అందుకే ఎవరు వేసినా రెండడగండి, మీ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత, కరిగించే మందు ఇప్పుడు మీ ఫ్రిజ్‌లో ఉందా అని. మొహమాటపడొద్దు.

ప్రశ్న: మా అమ్మకి 69 ఏళ్లు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. పై రెప్పల చర్మం కళ్ల మీదకి జారి, పేపర్ చదవాలంటే వేలితో రెప్ప ఎత్తి పట్టుకుంటోంది. బోటాక్స్‌తో ఎత్తొచ్చంటగా, ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని భయంగా ఉంది.

జవాబు: ఇక్కడ నేను ఆపరేషన్ వైపే ఉంటా. ఇది అందం సంగతి కాదు, చూపు సంగతి. మిగిలిన చర్మం తీసేసి రెప్ప మడతలోనే కుట్టేస్తారు, ఎక్కువగా మత్తు ఇంజెక్షన్ అక్కడి వరకే ఇచ్చి చేస్తారు, వారంలోపు కుట్లు తీస్తారు. పైగా అలా వేలాడే రెప్పలున్నవాళ్లకి నుదుటి మీద బోటాక్స్ వేస్తే నుదుటితో ఎత్తుకునే ఆ కాస్త బలం కూడా పోయి రెప్ప ఇంకా దిగుతుంది. ముందు కంటి డాక్టర్ దగ్గర పక్క చూపు పరీక్ష చేయించండి, చూపుకి అడ్డమని తేలితే ఆ కాగితంతో ఇన్సూరెన్స్ వాళ్లని అడగొచ్చు. ఒకవేళ రెప్ప ఏళ్లుగా కాకుండా ఈమధ్య ఉన్నట్టుండి ఒకవైపే వాలి, ఒక్కటి రెండుగా కనపడుతుంటే మాత్రం అది చర్మం జబ్బు కాదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మ పాత ఫొటో ఒకటి, పదేళ్ల కిందటిది, పట్టుకెళ్లండి, రెప్ప ఎప్పట్నుంచి దిగిందో అందులో తెలిసిపోద్ది.