వంగిన నకిల్‌ను కాల్చి సరిచేయించవచ్చా, కొత్తది వేయాలా?

గుంతలో పడ్డాక కారు ఎడమకు లాగుతోందని, అలైన్‌మెంట్ చేయించినా క్యాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలిన కోణం) సెట్ కావడం లేదని రాశారు. నకిల్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే ముక్క) వంగింది, గ్యాస్ పెట్టి కాల్చి సరిచేస్తానని మెకానిక్ అంటున్నాడట. వద్దండీ, చేయించకండి.

మాది ఒంగోలు. పని మీద చీమకుర్తి వైపు తిరుగుతుంటాను. గ్రానైట్ లారీల దెబ్బకు రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నా స్విఫ్ట్‌కూ ఎడమ పక్క ఇదే జరిగింది, ఇదే సలహా వచ్చింది. నకిల్ సాధారణంగా పోత ఇనుము. కాల్చి సుత్తితో కొడితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల బీట వారిందో లేదో కంటికి తెలియదు. చక్రం, బ్రేకు, స్టీరింగ్ మూడూ ఆధారపడేది ఆ ఒక్క ముక్క మీదే. హైవే మీద స్పీడులో అది విరిగితే చేసేదేమీ ఉండదు.

అయితే వంగింది నకిలేనా అన్నది ముందు తేల్చుకోండి. లోయర్ ఆర్మ్ (నకిల్‌ను కింద బండికి కలిపే భాగం) వంగినా, షాకబ్జర్ వంగినా క్యాంబర్ తేడా వస్తుంది. అలైన్‌మెంట్ రిపోర్టులో ఎస్‌ఏఐ అనే అంకె, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే అక్షం లోపలికి ఎంత వాలి ఉందో చెప్పే కోణం, అడిగి తీసుకోండి. అది రెండు పక్కలా సమానంగా ఉండి క్యాంబర్ ఒక్కటే తేడాగా ఉంటే అనుమానం నకిల్ మీదో షాకబ్జర్ మీదో. ఎస్‌ఏఐ కూడా మారితే లోయర్ ఆర్మ్, అది బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్ చూడాలి. ఈ అంకె చూడకుండా సామాను కొంటే డబ్బు దండగ.

విప్పడం పెద్ద కష్టం కాదు. చక్రం మధ్యలో ఉండే యాక్సిల్ నట్టు మాత్రం చక్రం నేల మీద ఉండగానే లూజు చేయాలి. కాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే భాగం) బ్రేకు పైపుకు వేలాడదీయకుండా తీగతో కట్టమనండి. కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండైతే నకిల్‌ను లోయర్ ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ బోల్టు తుప్పు పట్టి మొండికేస్తుంది, ముందురోజు రాత్రే నూనె పోసి ఉంచడం మేలు.

అసలు పని చెడేది బేరింగ్‌ను ఒత్తి ఎక్కించే ప్రెస్ దగ్గర. పాత బేరింగ్ తీసి కొత్త నకిల్‌లో వేస్తామంటే ఒప్పుకోకండి, తీసేటప్పుడే అది పాడవుతుంది. బేరింగ్‌ను నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి. హబ్ (చక్రం బిగించే భాగం) ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆనిక ఉండాలి. లేకపోతే నెల తిరక్కముందే గుయ్‌మని శబ్దం మొదలవుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బేరింగ్‌కు ఒక పక్క అయస్కాంతపు రింగు ఉంటుంది. సన్నని పిన్ను పెట్టి చూస్తే అంటుకుంటుంది. ఆ పక్క సెన్సర్ వైపే రావాలి. తిరగేస్తే ఏబీఎస్ లైటు ఆరదు, మళ్లీ అంతా విప్పుకోవాలి. నేను లేతు షాపులో పక్కనే నిలబడి చేయించాను, వాళ్లు కాస్త విసుక్కున్నారు కూడా.

విజయవాడ ఆటోనగర్‌లో పాత నకిల్ చవకగా దొరుకుతుంది కానీ అది యాక్సిడెంట్ బండిదైతే మళ్లీ మొదటికే. తప్పదనుకుంటే మీ పాతదాని పక్కన పెట్టి సెన్సర్ రంధ్రం, బోల్టు రంధ్రాలు సరిపోల్చుకోండి. యాక్సిల్ నట్టు కొత్తదే వేయించండి. దాన్ని మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, ఆ తర్వాతే బండి కదిలించాలి. అక్కడి నుంచి నేరుగా అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లండి.

రిపోర్టు ఫోటో ఇక్కడ పెడితే ఎస్‌ఏఐ చూసి నాకు తోచింది చెప్తాను.